చెల్లించేది ఒకరు, ఉండేది మరొకరు: సికింద్రాబాద్‌లో మూడోపక్షపు అద్దె చరిత్ర – రాంగోపాల్‌పేట్ నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఇంట్లో నివసించేవారు ఒకరు, ఆ ఇంటి అద్దె భరించేవారు మరొకరు అయినప్పుడు అద్దె మొత్తాన్ని ఎవరు, ఏ కొలమానంతో నిర్ణయించాలన్నది సికింద్రాబాద్‌కు కొత్త ప్రశ్న కాదు. కంటోన్మెంటు కాలంలో సైన్యం, స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ఇట్టి చెల్లింపుదారులుగా ఉన్నాయి. నేడు గృహబీమా ఆ స్థానంలోకి వచ్చింది. పూర్వపు చెల్లింపుదారు చట్టం దృష్టిలో కౌలుదారు కూడా. బీమా సంస్థ అలా కాదు. ఈ భేదం వలన తాత్కాలిక నివాసపు అద్దె నిర్ణయంలో ఏర్పడిన శూన్యాన్ని రాంగోపాల్‌పేట్ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాంగోపాల్‌పేట్, కంటోన్మెంటు, న్యాయమైన అద్దె, తాత్కాలిక నివాసం, గృహబీమా, అద్దె నియంత్రణ.

ఉపోద్ఘాతం

1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత హుస్సేన్‌సాగర్‌కు ఆవల ఆంగ్ల సైన్యం విడిది చేసిన తావు, 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది. సైన్యం ఉన్నచోటికి సరుకు కావాలి, సరుకు వచ్చినచోటికి వర్తకుడు రావాలి. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ వంటి పేర్లలో ఆ సంబంధం నేటికీ వినిపిస్తుంది. రాంగోపాల్‌పేట్ పేరు మాత్రం పటాలానిది కాదు, సేఠ్‌ది. దివాన్ బహదూర్ రాంగోపాల్ కుటుంబపు వాణిజ్య ప్రాభవం నుంచి వచ్చిన పేరిది. పూర్వం జేమ్స్ స్ట్రీట్ అనిపించుకుని ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డుగా పిలవబడుతున్న బజారు ఒకవైపు, మినిస్టర్ రోడ్డు, నల్లగుట్ట మరొకవైపు. కింద దుకాణం, పైన కాపురం అన్న పాత పద్ధతి ఇళ్ళు, వాటి వెనుక ఇరుకు బస్తీలు, వాటి మధ్యనే లేచిన బహుళ అంతస్తుల వాణిజ్య భవనాలు. అద్దె ఈ పేటకు ఎన్నడూ పక్కవిషయం కాదు.

అద్దెను గురించిన చరిత్ర రచన సాధారణంగా ఇద్దరి కథగా సాగుతుంది. యజమాని పెంచుతాడు, కిరాయిదారు భరించలేడు, చట్టం మధ్యలోకి వస్తుంది. ఈ చట్రంలో ఇమడని సందర్భం ఒకటుంది. ఇంట్లో ఉండేవాని జేబు నుంచి కాక మరొకరి ఖాతా నుంచి అద్దె వచ్చే సందర్భం. అక్కడ ఉండేవానికి బేరమాడవలసిన అవసరం తగ్గుతుంది. యజమానికి అడిగే ధైర్యం పెరుగుతుంది. చెల్లించేవారికి అనుమానం పెరుగుతుంది. అగ్నిప్రమాదంలో ఇల్లు పోయినవారు, మరమ్మతు పూర్తయ్యేవరకు బీమా సొమ్ముతో వేరొక ఇంట్లో కొద్ది నెలలు తలదాచుకోవడం దీనికి నేటి ఉదాహరణ.

సత్రం నుంచి కిరాయి ఇంటికి

తెలుగులో ఈ చెల్లింపుకు మూడు మాటలున్నాయి. కోస్తాలో అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణలో కిరాయి. బాడుగ బండికీ, మనిషి శ్రమకూ వర్తించే మాట. కిరాయి అరబ్బీ మూలం నుంచి ఉర్దూ ద్వారా వచ్చి ఆటోకూ, ఇంటికీ సమానంగా స్థిరపడింది. మూడింటిలోనూ వాడుకునేవాడే ఇచ్చుకోవాలన్న భావం అంతర్లీనంగా ఉంది. వాడుకునేవాడు ఒకరు, ఇచ్చేవాడు ఒకరు అయిన ఏర్పాటుకు తెలుగువారు పెట్టుకున్న పేరు వేరు. అది సత్రం.

సత్రంలో బాటసారి బసకు అయ్యే ఖర్చు దాత భరిస్తాడు. అందుకే సత్రానికి నియమాలు కూడా దాతవే. ఎవరు దిగవచ్చు, ఎన్ని రోజులు ఉండవచ్చు, ఏమి పెట్టాలి అన్నవన్నీ ధర్మకర్త శాసనాన్ని బట్టి సాగేవి. డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు దీనికి భిన్నం. అక్కడ ధర తిన్నవానికీ పెట్టినవారికీ మధ్యది. 1830లో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ దిగడానికి గల వసతిని నమోదు చేయడం గమనార్హం. ప్రయాణికునికి ఇల్లు దొరకడం ఎంతటి ప్రశ్నో, దాని ఖర్చు ఎవరిదన్నది అంతటి ప్రశ్న. దాత చెల్లించే చోట పరిమితిని దాతే విధిస్తాడన్న సత్ర న్యాయం, రూపం మార్చుకుని, తరువాతి కాలపు చట్టాలలోనూ బీమా షరతులలోనూ కనిపిస్తుంది.

కంటోన్మెంటు ఇల్లు: కౌలుదారుగా సర్కారు

కంటోన్మెంటు బంగళాల విషయంలో ఆంగ్ల ప్రభుత్వానికి ఎదురైన చిక్కు ఇది. సైనికాధికారి ఏ స్టేషనులోనూ స్థిరంగా ఉండడు. బదిలీపై వస్తాడు, కొంతకాలం ఉంటాడు, వెళ్ళిపోతాడు. బంగళాలు తరచు ప్రైవేటు యజమానులవి, కింది నేలపై హక్కు వేరొకరిది. యజమాని ఇంటిని ఎక్కువ ఇచ్చే వర్తకునికి ఇచ్చుకుంటే అధికారికి నీడ ఉండదు. అధికారే వెదుక్కోవాలంటే, కొద్దికాలం ఉండేవానికి యజమాని చెప్పిందే ధర.

దీనికి 1902లో, తిరిగి 1923లో, కంటోన్మెంటు గృహవసతి చట్టాలు చేశారు. ప్రకటన వర్తించిన కంటోన్మెంటులోని ఇంటిని ప్రభుత్వం తనకు కౌలుకు ఇమ్మని యజమానిని కోరవచ్చు. 1923 చట్టం ప్రకారం ఆ కౌలు అయిదేళ్ళకు తక్కువ కాకూడదు. ఇక్కడి కిటుకు వ్యవధిలో ఉంది. నివసించే అధికారి స్వల్పకాలికుడే అయినా కౌలుదారు అధికారి కాదు, ప్రభుత్వం. ఆరునెలలకు ఒకరు మారినా యజమాని దృష్టిలో కౌలు మారదు, ఇల్లు ఖాళీగా ఉండదు. కనుక స్వల్పకాలిక నివాసమన్న సాకుతో ఎక్కువ అడిగే వీలు లేదు. అయిదేళ్ళ నిశ్చింతకు బదులుగా యజమాని బేరమాడే స్వేచ్ఛను వదులుకోవలసి వచ్చింది. బలవంతం ఉన్నమాట నిజమే. అయినా స్వల్పకాలిక నివాసాలను పోగుచేసి దీర్ఘకాలిక కౌలుగా మార్చిన ఆ ఆలోచనలోని తెలివిని గుర్తించవలసి ఉంటుంది.

మూసీ వరద సందర్భం వేరొక మార్గాన్ని చూపింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ ప్రళయంలో నిరాశ్రయులైనవారి పక్షాన అద్దె చెల్లించేవారెవరూ లేరు. తదనంతరం 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి స్వయంగా ఇళ్ళు కట్టించే పనికి పూనుకుంది. సర్కారు చెల్లింపుదారుగా కాక యజమానిగా మారిన సందర్భమది. ఇక్కడ దాని ప్రస్తావన ఇంతటితో చాలు.

ఖాళీ ఇంటి నోటీసు, న్యాయమైన అద్దె

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నగరాలన్నిటా ఇళ్ళకు కరువు వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో 1353 ఫసలీ నాటి ఇంటి అద్దె నియంత్రణ ఉత్తర్వు, ఆపై 1954 చట్టం వచ్చాయి. అప్పటికి సికింద్రాబాద్ పాలనారూపం కూడా మారుతూ వచ్చింది. 1945లో పురపాలక సంఘం, 1950లో నగరపాలక సంస్థ, 1960లో హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనం. విలీనం జరిగిన ఆ 1960లోనే ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం వచ్చింది. తెలంగాణలో నేటికీ వర్తిస్తున్నది ఆ చట్టమే.

ఈ చట్టంలో మన ప్రశ్నకు సంబంధించినవి రెండు నిబంధనలు. మూడవ సెక్షను ప్రకారం ఇల్లు ఖాళీ అయిన పదిరోజులలోగా యజమాని ఆ సంగతిని అధికారికి తెలియజేయాలి. ప్రభుత్వం తన ఉద్యోగి నివాసానికి ఆ ఇంటిని కోరవచ్చు. కోరినప్పుడు యజమానికి కౌలుదారుగా భావించబడేది ఆ ఉద్యోగి కాదు, ప్రభుత్వమే. కంటోన్మెంటు సూత్రం పౌరనగరంలోకి ఇలా ప్రవేశించింది. చెల్లించేవారే చట్టరీత్యా కౌలుదారు కనుక, అద్దె నిర్ణయంలో వారు పక్షం. వినిపించుకునే హక్కు, అభ్యంతరం చెప్పే హక్కు రెండూ వారికున్నాయి.

నాలుగవ సెక్షను న్యాయమైన అద్దెకు కొలమానం చెప్పింది. అదే ప్రాంతంలో, అదే తరహా లేదా దానిని పోలిన వసతికి, పోలిన పరిస్థితులలో, 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలలలో నడిచిన అద్దె రేటు ఏమిటో అద్దె నియంత్రణాధికారి చూడాలి. ఆ కాలపు ఆస్తిపన్ను లెక్కల పుస్తకంలో నమోదైన అద్దె విలువను కూడా చూడాలి. ఆ తేదీ 1353 ఫసలీలో పడుతుంది. అంటే యుద్ధకాలపు ఉత్తర్వు పుట్టిన ఏడాదిలోనే గడియారం ఆగిపోయింది. అలా ఆగిన గడియారం యజమానులకు చేసిన అన్యాయాన్ని గురించి చెప్పవలసింది చాలా ఉంది. నిలిచిపోయిన ప్రామాణిక అద్దెలు కాలక్రమంలో అసమంజసమవుతాయని మహారాష్ట్రకు సంబంధించిన మల్పే విశ్వనాథ ఆచార్య కేసులో సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. ఈ వ్యాసానికి కావలసింది తేదీ కాదు, పోలిక. అదే ప్రాంతం, పోలిన వసతి, పోలిన పరిస్థితులు అన్న మూడు మాటలు.

ఇదే చట్టం ‘భవనం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి హోటలు గదిని, భోజన వసతిగృహంలోని గదిని మినహాయించింది. కొద్దిరోజుల బసకు న్యాయమైన అద్దె అన్న ప్రశ్నే వర్తించదు. పూటకూళ్ళ ఇంటి ధర పూటకూళ్ళ ఇంటిదే. అందువలన స్వల్పకాలిక నివాసానికి రెండు దారులు మిగిలాయి. ధరపై అదుపు లేని లాడ్జి గది, అదుపు ఉన్న కిరాయి ఇల్లు. కాలక్రమంలో రెండవదానిపై అదుపు కూడా సడలింది. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు చట్టం ఇచ్చిన శాశ్వత మినహాయింపును 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం, కట్టి పదేళ్ళు దాటని భవనాలను, నెల అద్దె 1,000 రూపాయలు దాటిన భవనాలను చట్టం నుంచి మినహాయించింది. 2005 సవరణ నగరపాలక సంస్థల పరిధిలో ఆ అద్దె హద్దును 3,500 రూపాయలు చేసింది. నేటి రాంగోపాల్‌పేట్‌లో ఒక కుటుంబం కొత్తగా దిగగల ఇల్లు ఏదైనా ఈ హద్దుకు ఆవలే ఉంటుంది. న్యాయమైన అద్దె అన్న పదబంధం శాసన గ్రంథంలో బతికే ఉన్నా, కొత్తగా కిరాయికి దిగేవానికి అది అందేది కాదు.

2023 జనవరి: నల్లగుట్ట

2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులో నల్లగుట్ట వద్ద దుస్తులు, క్రీడాసామగ్రి అమ్మే బహుళ అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. గంటల తరబడి అదుపులోకి రాలేదు. ముగ్గురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అంతకు నాలుగు నెలల ముందు, 2022 సెప్టెంబరు 12న, సికింద్రాబాద్‌లోనే ఒక విద్యుద్వాహన విక్రయశాలలో లేచిన మంటల పొగ పై అంతస్తుల లాడ్జిలోకి వ్యాపించి ఎనిమిదిమంది మరణించారు. రెండు నెలల తరువాత, 2023 మార్చి 16న, స్వప్నలోక్ కాంప్లెక్సు ప్రమాదంలో ఆరుగురు మరణించారు. నగర అగ్నిప్రమాదాల చరిత్రలో ఇవి మూడూ కలిపి చదవదగినవి.

నల్లగుట్ట ప్రమాదానికి ఒక ప్రత్యేకత ఉంది. కాలిన భవనం కూలే స్థితిలో ఉండటంతో దాని చుట్టుపక్కల ఇళ్ళలోని వారిని కూడా ఖాళీ చేయించవలసి వచ్చింది. వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిపుణుల పరిశీలన తరువాత ఆ నెలాఖరులో కూల్చివేత మొదలైంది. ఇళ్ళు వీడినవారి ఇళ్ళు కాలలేదు, గోడలు పడలేదు. కానీ వాటిలో ఉండటానికి వీలులేదు. వారి బస ఖర్చు ఎవరిది?

‘మెరుగైనది కాకూడదు’

భారతదేశంలో అగ్నిబీమాకు చిరకాలం ఏకరూప టారిఫ్ ఉండేది. 2001 నాటి అఖిల భారత అగ్నిబీమా టారిఫ్‌లో అద్దె నష్టం, ప్రత్యామ్నాయ వసతికి అయ్యే అదనపు అద్దె అన్నవి విడిగా కొనుక్కోదగిన అదనపు రక్షణలు. 2007 జనవరి నుంచి టారిఫ్ ధరలు ఎత్తివేయబడ్డాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని తెచ్చింది. అద్దె నష్టం, ప్రత్యామ్నాయ వసతి అద్దె ఇందులో అంతర్భాగాలయ్యాయి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉందన్నది ప్రసంగవశాత్తూ చెప్పదగిన సంగతి.

పాలసీ షరతుల సారాంశం ఇది. బీమా చేసిన ప్రమాదం వలన భౌతిక నష్టం కలిగి ఇల్లు నివాసయోగ్యం కాకపోతే వేరొక ఇంటి అద్దెను సంస్థ భరిస్తుంది. ఉన్నది సొంతిల్లయితే కొత్త ఇంటి అద్దె, కిరాయి ఇల్లయితే కొత్త అద్దెకూ పాత అద్దెకూ మధ్య తేడా. కొత్త ఇల్లు పాత ఇంటికంటే ఏ విధంగానూ మెరుగైనది కాకూడదు, అదే నగరంలో ఉండాలి. గడువు, ఇల్లు బాగుచేయడానికి సహేతుకంగా పట్టే కాలం. అది ఎంతైనా మూడేళ్ళు మించకూడదు. ఇల్లు నివాసయోగ్యం కాదని ఆర్కిటెక్టు గాని, స్థానిక సంస్థ గాని ధ్రువీకరించాలి.

ఈ షరతులను 1960 చట్టంలోని కొలమానం పక్కన పెట్టి చదివితే చుట్టరికం తెలుస్తుంది. పోలిన వసతి అన్నమాట ఇక్కడ మెరుగైనది కానిది అయింది. భాషాపరంగా ఇది చిన్న మార్పు, అర్థపరంగా పెద్దది. పోలినది అన్నప్పుడు పైకీ కిందికీ రెండు హద్దులున్నాయి. మెరుగైనది కాకూడదు అన్నప్పుడు పై హద్దు ఒక్కటే ఉంది. నాసిరకమైన ఇంట్లోకి వెళ్ళినా షరతు నెరవేరినట్లే. అదే ప్రాంతం అన్నది అదే నగరంగా విస్తరించింది. రాంగోపాల్‌పేట్ దుకాణంపై కాపురమున్న కుటుంబం నగరం చివరనున్న కొత్త కాలనీకి మారినా పాలసీ దృష్టిలో అదే నగరం. పిల్లల బడి, దుకాణం, మొండా మార్కెట్ అన్నవి ఆ లెక్కలోకి రావు.

ఇంతకంటే లోతైన భేదం ఒకటుంది. కంటోన్మెంటులో సైన్యం, 1960 చట్టంలో ప్రభుత్వం చెల్లింపుదారులే కాక కౌలుదారులు కూడా. బీమా సంస్థ కౌలు ఒప్పందంలో లేదు. సంతకం ఇల్లు పోయినవానిది. బయానా, అడ్వాన్సు, దళారీ రుసుము అతడే ముందు సర్దుకోవాలి. యజమాని అడిగిన అద్దెకు ఒప్పుకున్నాక, ఆ మొత్తం సహేతుకం కాదని సర్వేయరు తగ్గిస్తే, ఆ తగ్గింపు యజమానికి తగలదు. మధ్యలో ఉన్నవానికి తగులుతుంది. పోలిక ఏమిటో విచారించి తేల్చే అద్దె నియంత్రణాధికారి వంటి తటస్థుడు ఈ మూడుపక్షాల నడుమ లేడు. కొలమానం మిగిలింది, కొలిచేవాడు మిగలలేదు.

నల్లగుట్ట పొరుగువారి ప్రశ్నకు సమాధానం ఈ షరతుల మొదటి వాక్యంలోనే ఉంది. భౌతిక నష్టం కలగాలి. పక్క భవనం కూలుతుందన్న భయంతో అధికారులు ఖాళీ చేయించిన ఇంటికి భౌతిక నష్టం లేదు. పాలసీ ఉన్నా అద్దె భాగం పలకదు. స్థానిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం రుజువు మాత్రమే, హక్కుకు మూలం కాదు. ఖాళీ చేయమన్న ఆజ్ఞనే కారణంగా అంగీకరించే నిబంధన ఒకటి ప్రామాణిక పాలసీలో చేరవలసి ఉంది. ఇరుకు పేటలలో ఒక భవనపు ప్రమాదం నాలుగు ఇళ్ళవారిని వీధిన పడేస్తుందని రాంగోపాల్‌పేట్ చూపించింది.

మూడు నెలల ఇంటి లెక్క

యజమాని పక్షం కూడా వినవలసినదే. స్వల్పకాలానికి ఎక్కువ అద్దె అడగడం అంతా దురాశ కాదు. ఉదాహరణకు ఒక ఇంటికి నెలకు 20,000 రూపాయలు వస్తుందనుకుందాం. ఏడాది పొడవునా ఒకే కుటుంబం ఉంటే 2,40,000. అదే ఇంట్లో మూడు నెలలకొకరు దిగుతూ, ఇద్దరి మధ్య ఒక నెల ఖాళీగా ఉంటే ఏడాదిలో తొమ్మిది నెలలే అద్దె వస్తుంది. అదే మొత్తం రాబట్టడానికి నెలకు సుమారు 26,667 రూపాయలు అడగాలి. అంటే మూడోవంతు పెంపు కేవలం ఖాళీ నెలలకే సరిపోతుంది. ప్రతిసారీ సున్నం, దళారీ, మంచాలూ పొయ్యీ ఉంటే వాటి అరుగుదల వేరు. పదకొండు నెలల ఒప్పందం ఇక్కడి అలవాటు కావడానికి రిజిస్ట్రేషను తప్పడం ఒక కారణమైతే, ఇంతకంటే తక్కువ కాలానికి ఇల్లిచ్చేందుకు యజమానులు వెనుకాడటానికి ఈ లెక్క మరొక కారణం.

కనుక సహేతుకమైన అద్దె అన్నది ఒకే సంఖ్య కాదు, వ్యవధిని బట్టి మారే సంఖ్య. పైన అనుకున్న ఇంటికి మూడు నెలల క్లెయిములో 26,000 అడిగితే అది పేటలోని రేటుకంటే ఎక్కువే, అయినా అన్యాయం కాదు. బీమా చెల్లిస్తోందని తెలిసి 40,000 అడిగితే అది వేరే సంగతి. ఈ రెండింటి మధ్య గీత గీయాలంటే సర్వేయరు ఏడాది కౌళ్ళ రేట్లతో కాక, అదే వ్యవధి గల కౌళ్ళ రేట్లతో పోల్చాలి. పోలిన పరిస్థితులు అన్న 1960 నాటి మూడో మాటకు ఇక్కడ విలువ తెలుస్తుంది. బీమా షరతులలో జారిపోయినది సరిగ్గా ఆ మాటే.

చెల్లించేవారు ఎవరైనా అదే హద్దు

తెలుగువారు గణనీయంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో ఈ ప్రశ్నకు చట్టం నేరుగా సమాధానం చెప్పింది. అక్కడి శిక్షాస్మృతి 396వ సెక్షను ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటించిన తరువాత ఇంటి అద్దెను మునుపటి అద్దెపై పది శాతానికి మించి పెంచడం నేరం. సామాన్లతో కలిపి ఇస్తే మరో అయిదు శాతం అనుమతిస్తారు. కౌలు స్వల్పకాలికమనో, అద్దెను బీమా సంస్థ లేదా మరో మూడోపక్షం చెల్లిస్తోందనో చెప్పి తప్పించుకోవడానికి వీలులేదని ఆ సెక్షను స్పష్టంగా పేర్కొంటుంది. 2025 జనవరి నాటి లాస్ ఏంజెలెస్ కార్చిచ్చుల సమయంలో ఈ నిబంధన విస్తృతంగా చర్చకు వచ్చింది.

ఇందులో రెండు భాగాలను విడదీసి చూడాలి. చెల్లింపుదారు ఎవరన్నది ధరకు సంబంధం లేని విషయమన్న సూత్రం నిర్దుష్టమైనది. వ్యవధి కూడా సంబంధం లేనిదే అనడం మాత్రం విపత్తు వేళకు సరిపోయే కఠినత్వం. వేలాది కుటుంబాలు ఒకేసారి ఇళ్ళు వెదికే చోట ఖాళీ నెలల భయం యజమానికి ఉండదు. ఒక పేటలో ఒకటి రెండు ఇళ్ళు కాలినప్పుడు ఆ భయం నిజమైనదే. పైగా ఒక భవనం కాలితే ఇక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటన ఉండదు. కాలిఫోర్నియా నుంచి మొదటి సూత్రాన్ని స్వీకరించి రెండవదాన్ని వదలడం రాంగోపాల్‌పేట్‌కు తగిన పని.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అద్దెను ఇరుపక్షాల ఒప్పందానికి వదిలింది, నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలలకు పరిమితం చేసింది. మూడోపక్షపు ప్రశ్న అందులోనూ లేదు.

కూలిన ఇల్లు, నిలిచే కౌలు

పాత కిరాయిదారు సంగతి వీటన్నిటికంటే జటిలం. రాంగోపాల్‌పేట్ వంటి పాత పేటలలో తరాల నుంచి తక్కువ అద్దెకు ఉంటున్న కుటుంబాలున్నాయి. వారి అద్దె 1960 చట్టపు హద్దులోపలే ఉండవచ్చు. అలాంటి ఇల్లు కాలితే 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ఒక వెసులుబాటు ఇస్తుంది. అగ్ని, వరద వంటి వాటివలన కౌలు ఆస్తి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, కౌలును రద్దుగా ఎంచుకునే హక్కు కౌలుదారుది. ఎంచుకోకపోతే కౌలు నిలుస్తుంది. భవనం పూర్తిగా నేలమట్టమైతే కౌలు కూడా పోతుందని చెప్పిన పూర్వపు తీర్పును సుప్రీంకోర్టు 2014లో షాహా రతన్‌సీ ఖీమ్‌జీ కేసులో తోసిపుచ్చింది. నేల కూడా కౌలులో భాగమే కనుక, పురపాలక సంస్థ భవనాన్ని కూల్చినా కౌలుహక్కు కూలదని ఆ తీర్పు సారం.

దీనిని బీమా షరతుతో కలిపి చదివితే చిక్కు బయటపడుతుంది. కిరాయిదారుకు సంస్థ ఇచ్చేది తేడా మాత్రమే. పాత అద్దె 1,500, తాత్కాలిక ఇంటి అద్దె 15,000 అనుకుంటే 13,500 వస్తుంది. పాత ఇంటి అద్దె ఇక చెల్లించనక్కరలేదన్న ఊహపై ఈ తీసివేత నిలబడి ఉంది. కానీ తన పాత హక్కును కాపాడుకోదలచినవాడు, బకాయిదారన్న కారణం యజమాని చేతికి చిక్కకుండా, లేని ఇంటికి కూడా 1,500 చెల్లిస్తూ పోవడమే క్షేమమని భావిస్తాడు. తీసివేసిన మొత్తం అతని జేబు నుంచే రెండోసారి వెళుతుంది. రూపాయలలో అది చిన్నదే. అయితే ఆ 1,500 ఆపితే పోయేది నెల అద్దె కాదు, తాత ముత్తాతల నాటి కాపురపు హక్కు. మూడేళ్ళ గడువు ముగిసేలోగా యజమాని ఇల్లు తిరిగి కట్టకపోతే తేడా చెల్లింపు కూడా ఆగిపోతుంది. ఆనాటికి ఆ కుటుంబం చేతిలో కోర్టులో నిలిచే కౌలుహక్కు ఉంటుంది, నివసించడానికి మార్కెట్టు అద్దెకు తీసుకున్న ఇల్లు ఉంటుంది, ఆ అద్దె చెల్లించే మూడోపక్షం మాత్రం ఉండదు.